నాయన చూపు ఎన్ని మెగాపిక్సెళ్ళు?

పోయిన సంక్రాంతికి మా అబ్బాయి బెంగుళూరు నుంచి కొత్త సెల్‌ఫోనుతో దిగాడు. భోగినాడు తెల్లవారకముందే వాళ్ళమ్మ వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఫొటో తీసి, దాన్ని రెండు వేళ్ళతో సాగదీసి, “చూశావా నాన్నా, ముగ్గుపిండి రేణువులు కూడా లెక్కపెట్టొచ్చు! ఇది 200 మెగాపిక్సెల్” అన్నాడు. అంటే బొమ్మలో 20 కోట్ల చుక్కలన్న మాట. “బాగుందిరా” అన్నాను.

“అయినా మన కంటి ముందు ఇది దిగదుడుపే. మనిషి కన్ను 576 మెగాపిక్సెల్ అట!” అని ఎవరో పంపిన వాట్సాప్ ముక్క చూపించాడు. కింద నమస్కారం పెట్టే రెండు చేతుల బొమ్మ కూడా ఉంది. భగవంతుడి సృష్టి ముందు మానవుడెంత అని దాని సారాంశం.

నేను బి.కాం. చదివినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో ఉద్యోగం. ఎవరు ఏ అంకె చెప్పినా, “సరే, దానికి వోచరేదీ?” అని అడగటం నాకు అలవాటైపోయింది. పైగా కన్ను గురించి మా ఇంట్లో తేలిగ్గా మాట్లాడుకోం. అందుకు కారణం మా నాయన. ఆయన సంగతి చివర చెబుతాను. ముందు ఈ 576 లెక్కకు నేను చేసిన ఆడిట్ చదువరులకు మనవి చేస్తాను.

ఈ అంకె రోజర్ క్లార్క్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కట్టిన లెక్క నుంచి వచ్చింది. మన ముందు అడ్డంగా 120 డిగ్రీలు, నిలువుగా 120 డిగ్రీల దృశ్యం ఉందనుకోండి. డిగ్రీకి 60 నిమిషాలు. ఇది గడియారం నిమిషం కాదు, కోణాన్ని కొలిచే నిమిషం. ఒక నిమిషంలో మూడు పదో వంతులకు ఒక చుక్క చొప్పున వేస్తే డిగ్రీకి 200 చుక్కలు. 120 డిగ్రీలకు 24,000. దాన్ని మళ్ళీ 24,000తో హెచ్చిస్తే 57 కోట్ల 60 లక్షలు. అదే 576 మెగాపిక్సెళ్ళు. గుణకారంలో తప్పు లేదు.

కానీ బ్యాంకులో మేం మొదట నేర్చుకునేది ఏమిటంటే, కూడిక సరిపోయినంత మాత్రాన లెక్క సరిపోయినట్టు కాదు. ఏ ఆధారం మీద కట్టారో చూడాలి.

కంటి డాక్టరు గోడకు తగిలించే అక్షరాల పట్టిక మనందరికీ తెలిసిందే. దాన్ని 1862లో హెర్మన్ స్నెల్లెన్ అనే డచ్చి వైద్యుడు తయారు చేశాడు. ఆరు మీటర్ల దూరాన ఉన్న మనిషి ఆ దూరంలో మామూలు కన్ను చదవగలిగే వరసను చదివితే అతనిది 6/6 చూపు. ఆ వరసలో అక్షరం ఎత్తు సుమారు 9 మిల్లీమీటర్లు. అందులో ఒక్కొక్క గీత మందం సరిగ్గా ఒక కోణ నిమిషం. అంటే స్నెల్లెన్ కొలత ప్రకారం నిమిషానికి ఒక చుక్క చాలు. ఇప్పుడు ఆ 120 డిగ్రీల దృశ్యాన్నే మళ్ళీ లెక్క కట్టండి. 7,200 ఇంటూ 7,200 అంటే 5 కోట్ల 18 లక్షలు. ఆధారం మార్చేసరికి 57 కోట్లు 5 కోట్లయింది! మొండి బాకీల లెక్కల్లో ఇలాంటివి మేం చూస్తూనే ఉంటాం.

ఇంకో సంగతి. ఆ దృశ్యం మొత్తాన్నీ కన్ను ఒక్కసారిగా అంత కచ్చితంగా చూడదు. చెయ్యి ముందుకు చాపి బొటనవేలి గోరును చూడండి. ఆ గోరు వెడల్పు దాదాపు రెండు డిగ్రీలు. మనం నిజంగా స్పష్టంగా చూసేది ఆ గోరంత మేరే. హైస్కూల్లో పచ్చచుక్క అని చదువుకున్నాం కదా, నేత్రపటలం నడుమ ఉండే ఆ చిన్న చోటి మహిమ అది. గోరు దాటితే చూపు మందగిస్తుంది. కన్ను ఊరుకోకుండా సెకనుకు మూడుసార్ల చొప్పున అటూ ఇటూ గెంతుతూ ముక్కముక్కగా తెచ్చిన దాన్ని మెదడు కలిపి కుడుతుంది. క్లార్క్ గారి ఉదారమైన లెక్కనే తీసుకున్నా, రెండు డిగ్రీల గోరులో 400 ఇంటూ 400, అంటే 1,60,000 చుక్కలు. ఏ క్షణానికి ఆ క్షణం మన చేతిలో ఉండే రొక్కం అంతే. మిగతాదంతా పుస్తకాల్లో బాకీ.

కన్ను లోపలి లెడ్జరు కూడా చూద్దాం. నేత్రపటలంలో మసక వెలుతురుకు పనికివచ్చే దండకణాలు సుమారు 12 కోట్లు. రంగులకు, సూక్ష్మాలకు పనికివచ్చే శంకుకణాలు సుమారు 60 లక్షలు. కానీ అక్కడి నుంచి మెదడుకు వార్త మోసుకుపోయే దృక్‌నాడిలో ఉండే పోగులు పది పన్నెండు లక్షలే. పన్నెండు కోట్ల మంది ఖాతాదారులకు పది లక్షల కౌంటర్లు! అందుకే పక్క చూపులో వందలాది కణాలు కలిసి ఒకే పోగు మీద వార్త పంపుకుంటాయి. మా అబ్బాయి ఫోను చేసేదీ అలాంటి పనే. వాడే చెప్పాడు: మామూలుగా ఫొటో తీస్తే పదహారు చుక్కల్ని కలిపి ఒకటి చేసి, 20 కోట్లకు బదులు కోటీ పాతిక లక్షల చుక్కల బొమ్మనే దాస్తుందట.

యంత్రం గెలిచే చోట్లూ లేకపోలేదు. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు వేలూరు నుంచి జవ్వాది కొండల మీది కావలూరుకు వెళ్ళాం. వైణు బప్పు పేరు పెట్టిన నక్షత్రశాల అది. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసినవారు. అక్కడి పెద్ద దూరదర్శినిని 1986లో ప్రారంభించారు. దాని అద్దం అడ్డుకొలత 2.34 మీటర్లు. చీకట్లో మన కంటిపాప బాగా విప్పారితే 7 మిల్లీమీటర్లు. వైశాల్యాలు పోల్చితే ఆ అద్దం మన కంటికి లక్షా పదివేల రెట్లు వెలుతురు పోగుచేస్తుంది. పైగా కన్ను క్షణంలో పదో వంతు కంటే ఎక్కువ సేపు వెలుతురును దాచుకోలేదు. కెమెరా గంటలకొద్దీ దాచుకుంటుంది. ఆ పోటీలో మనం ఓడిపోయినట్టే.

అయితే నాయన గెలిచే పోటీ ఒకటుంది.

మాది గుడియాత్తం. తాతల కాలంలో పలమనేరు వైపునుంచి దిగివచ్చిన నేత కుటుంబం. లుంగీలు, అగ్గిపెట్టెలు, బీడీలు అంటే వేలూరు చుట్టుపక్కల అందరికీ గుడియాత్తమే గుర్తొస్తుంది. మా ఇంట్లో రెండు గుంట మగ్గాలుండేవి. నాయన నేసిన లుంగీకి అంగుళానికి 72 పోగులు. మొట్టమొదటి మాకింటాష్ కంప్యూటరు 1984లో వచ్చినప్పుడు దాని తెరమీద కూడా అంగుళానికి 72 చుక్కలేనని ఈమధ్య చదివి నవ్వుకున్నాను.

నలభై వాట్ల బల్బు కింద కూర్చుని నేస్తూ నేస్తూ నాయన హఠాత్తుగా నాడె ఆపేవాడు. “పోగు పక్కకు పోయింది చూడు” అనేవాడు. నాకు పన్నెండేళ్ళు. కొత్త కళ్ళు. ముక్కు ఆనించి చూసినా ఏమీ కనబడేది కాదు. ఆయన గోటితో తాకి చూపించాక అవునని తెలిసేది. ఒక పోగు పక్క పోగు మీదికి వెంట్రుకవాసి ఒరిగి ఉండేది.

దానికి కారణం ఇప్పుడు తెలిసింది. రెండు చుక్కల్ని విడివిడిగా చూడటానికి కంటికి కావలసింది ఒక నిమిషం. కానీ ఒక గీత తిన్నగా ఉందా, పక్కకు తొలగిందా అని పోల్చడంలో కన్ను అంతకు పదింతలు సూక్ష్మంగా పనిచేస్తుంది. నిమిషంలో పన్నెండో వంతు తేడాను కూడా పసిగట్టగలదు. చేతిదూరంలో అది వెంట్రుక మందం కంటే చాలా తక్కువ. నేత్రపటలంలోని ఒక్కొక్క కణం వెడల్పు చూస్తే ఇంత తేడా తెలియడానికి వీల్లేదు. ఎన్నో కణాలు తెచ్చిన వార్తల్ని మెదడు సరిపోల్చుకుని తేల్చే తీర్పు అది. చుక్కల లెక్కలో ఇది రాదు. నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న మెదడు ఆ తీర్పును మరింత సానబెట్టుకుంది.

ఆ కళ్ళ సంపాదనతోనే నేను చదువుకున్నాను. 1991లో బ్యాంకులో చేరాను. తర్వాత కొన్నేళ్ళకు నాయన మగ్గం దిగి మాతోనే ఉండిపోయాడు.

నేను చేరిన కొత్తలో సంతకాలు అట్టముక్కల మీద ఉండేవి. చెక్కు రాగానే పెట్టెలోంచి ఖాతాదారు సంతకం అట్ట తీసి పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళం. నాకు పని నేర్పిన పాత హెడ్డు గుమాస్తా, “అక్షరాలు చూడకయ్యా, చెయ్యి చూడు. కలం ఎక్కడ ఒత్తింది, ఎక్కడ తడబడింది, అది చూడు” అనేవారు. కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే ఒత్తిడి గాళ్ళు కనిపించేవి.

తర్వాత చెక్కు ప్రయాణం మానేసి దాని బొమ్మ ప్రయాణం చేయడం మొదలుపెట్టింది. రిజర్వు బ్యాంకు ఈ పద్ధతిని 2008లో ఢిల్లీలోనూ, 2011లో చెన్నైలోనూ ప్రారంభించింది. ప్రతి చెక్కుకు మూడు బొమ్మలు. ముందువైపు బూడిదరంగు ఛాయల్లో ఒకటి, అంగుళానికి 100 చుక్కలు. ముందుకొకటి, వెనక్కొకటి తెలుపు నలుపుల్లో, అంగుళానికి 200 చుక్కలు. చెక్కు కొలత 202 మిల్లీమీటర్లు ఇంటూ 92. గుణిస్తే బూడిదరంగు బొమ్మలో సుమారు 2 లక్షల 90 వేల చుక్కలు. మా అబ్బాయి ముగ్గు ఫొటోకు 20 కోట్లు, కోటి రూపాయల చెక్కుకు మూడు లక్షలు! అయినా దేశమంతటి లావాదేవీలు దానిమీద నడుస్తున్నాయి. చదవాల్సినది చదవడానికి అది చాలు. నేను తప్పు చేసింది చుక్కలు తక్కువై కాదు.

2015 ఉగాదికి ముందు సంగతి. నేను అప్పుడు గుడియాత్తంలోనే పనిచేస్తున్నాను. ఒక ముసలి నేతగాడు చెన్నైలోని నూలు కొట్టుకు ఇచ్చిన చెక్కు బొమ్మ నా తెరమీదికి వచ్చింది. పక్కన కంప్యూటరులో దాచిన పాత సంతకం. రెండిటికీ పోలిక లేదు. కొత్త సంతకం వంకరపోయి, గీతకు పైన తేలుతోంది. ఆ రోజు పని ఒత్తిడి ఎక్కువ. “సంతకం తేడా” అని రాసి చెక్కు తిప్పి పంపాను. రూలు ప్రకారం అది సరే. అతనికి ఒక ఫోను చేసి ఉండొచ్చు. చేయలేదు.

వారం తర్వాత ఆయన వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. కోపం లేదు. “సార్, నూలు అప్పు ఆపేసినారు. మగ్గం ఖాళీగా ఉండాది. నా సంతకం నేనే పెట్టినాను సార్” అన్నాడు. నేను తెల్లకాగితం ఇచ్చి, “ఇక్కడ పెట్టండి పెద్దాయనా” అని గీత చూపించాను. ఆయన గీతకు రెండు వేళ్ళు పైన కలం ఆనించాడు. తల ఒకవైపు వంచి, కిటికీకి ముఖం తిప్పి, గాలిలో వెతికినట్టు సంతకం పెట్టాడు. కళ్ళలోకి చూశాను. రెండు నల్లగుడ్ల మీదా పాలు పోసినట్టు తెల్లని పొర.

చెక్కు బొమ్మలో ఉన్నది దొంగ సంతకం కాదు, శుక్లం. నా దగ్గరకు వచ్చిన బొమ్మలో ఆ వంకర స్పష్టంగానే ఉంది. నేను చూసింది వంకరనే గాని దాని వెనకున్న మనిషిని కాదు.

కొత్త సంతకం నమోదు చేసి, నూలు కొట్టుకు నేనే ఫోను చేసి చెప్పాను. కానీ అప్పటికే ఇరవై రోజులు ఆయన మగ్గం ఆగింది. తర్వాత ఆయనకు ఆపరేషను జరిగింది. శుక్లమంటే కెమెరా ముందు అద్దం మసకబారటం. ఆ అద్దం తీసి కొత్తది పెడతారు, లోపలి యంత్రం చెడలేదు కాబట్టి చూపు తిరిగి వస్తుంది. ఆయనకూ వచ్చింది. నన్ను క్షమించమని ఆఫీసులో అడగలేకపోయాను. ఆ మేలో గుడిదగ్గర కనిపిస్తే అడిగాను. “పోనీలే సార్, ఇప్పుడు పోగు కనిపిస్తా ఉండాది” అన్నాడు.

ఆయన తల వంచి వెతుక్కున్న తీరు ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. అలా తల తిప్పి వెతుక్కోవడం నేను ఇంట్లో రోజూ చూస్తున్నాను. మా నాయన మంచినీళ్ళ గ్లాసు కోసం అలాగే తల తిప్పుతాడు.

గుర్తుకు తెచ్చుకుంటే ఒకటి కాదు. అంతకుముందు ఏడాది మేలో, గోపాలాపురం గంగమ్మ శిరసు పండుగ నాడు, జనంలో ఒక కుర్రాడు పక్కనుంచి వచ్చి తగిలితే నాయన కింద పడ్డాడు. “చూసుకుని నడవకూడదా నాయనా?” అని నేనే కసిరాను. మెట్ల దగ్గర తడబడేవాడు. “ఒరే అబ్బయ్యా, ఈ బల్బు మార్చరా, వెలుతురు చాల్లేదు” అనేవాడు. రెండుసార్లు మార్చాను కూడా. కళ్ళజోళ్ళ దుకాణానికి తీసుకెళ్ళాను. అక్షరాల పట్టికలో కిందినుంచి రెండో వరస దాకా గడగడ చదివాడు. 6/9. డెబ్బై ఎనిమిదేళ్ళకు అది గొప్ప చూపే. మా ఆవిడ చీర అంచులో పోగు తప్పు అప్పటికీ ఆయనే పట్టుకునేవాడు. “మీ నాయన కళ్ళకేం, డేగ కళ్ళు” అని అందరూ అంటుంటే నేను సంతోషించేవాణ్ణి.

మరునాడే సెలవు పెట్టి ఆయన్ను వేలూరు తీసుకెళ్ళాను. ఆరణి రోడ్డులోని షెల్ కంటి ఆసుపత్రి పాతకాలం వేలూరు వాళ్ళకు తెలియంది కాదు. అక్కడ కంటి లోపలి ఒత్తిడి చూశారు. లోపల దీపం వేసి దృక్‌నాడి మొదలు చూశారు. తర్వాత ఒక చీకటి గదిలో గిన్నెలాంటి యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. ఒక కన్ను మూశారు. చేతికి మీట ఇచ్చారు. “తాతా, నడుమ దీపాన్నే చూస్తూ ఉండండి. పక్కన ఎక్కడైనా వెలుతురు మిణుక్కుమంటే మీట నొక్కండి” అని చెప్పారు.

నేను బయట బల్లమీద కూర్చున్నాను. తలుపు సగం తెరిచి ఉంది. టక్కు, టక్కు అని మీట చప్పుడు వినబడుతోంది. మధ్యలో చాలాసేపు నిశ్శబ్దం. మళ్ళీ టక్కు. మళ్ళీ నిశ్శబ్దం. చిన్నప్పుడు మగ్గం చప్పుడు ఆగితే పోగు తెగిందని మాకు పక్క గదిలో తెలిసేది. ఆ రోజు కూడా అలాగే తెలిసింది.

ఆ పరీక్షలో కంటికి చూపించేది 54 చోట్ల మిణుకులు. అంతే, 54. చూపు నడుమ నుంచి చుట్టూ ఇరవై నాలుగు డిగ్రీల మేర చల్లి ఉంటాయి. ఒక్కొక్క చోట ఎంత వెలుతురు కనబడిందో కాగితం మీద నలుపు తెలుపుల్లో అచ్చవుతుంది. నాయన ఎడమ కంటి బొమ్మలో నడుమ ఒక చిన్న తెల్ల మచ్చ, చుట్టూ నలుపు. కుడికంటిలో పైసగం నలుపు. నీటికాసులు. గ్లాకోమా.

నాయన ఆ కాగితం చేతిలోకి తీసుకుని, “నాకేమీ నల్లగా కనబడలేదే. అంతా బాగానే కనబడుతోందే” అన్నాడు.

డాక్టరమ్మ అప్పుడు చెప్పిన మాటను ఇన్నేళ్ళుగా నేను అందరికీ చెబుతున్నాను. కన్ను పోయినచోట నలుపు కనబడదు. చుట్టుపక్కల ఉన్న దాన్నే అక్కడికీ పరిచి మెదడు అతుకు వేసేస్తుంది. తెల్లగోడ నడుమ చూపు పోతే అక్కడ తెల్లగోడే కనిపిస్తుంది. పక్కనుంచి కుర్రాడు వచ్చేది మాత్రం కనబడదు.

నమ్మకం లేకపోతే ఈ పరీక్ష మీరే చేసుకోండి. ఎడమ కన్ను మూయండి. రెండు చేతులూ చాపి బొటనవేళ్ళు పక్కపక్కన నిలబెట్టండి. కుడికంటితో ఎడమ బొటనవేలినే చూస్తూ, కుడి బొటనవేలిని మెల్లగా కుడివైపుకు జరపండి. జానెడు దూరం పోయేలోపల ఒకచోట దాని కొస మాయమవుతుంది. దృక్‌నాడి కంట్లోంచి బయటికి పోయే చోట చూసే కణాలే లేవు. దాన్ని అంధచుక్క అంటారు. 1660లో మారియట్ అనే ఫ్రెంచివాడు దీన్ని కనిపెట్టాడు. పుట్టినప్పటి నుంచి ప్రతి కంట్లోనూ ఈ చిల్లు ఉంది. ఏనాడైనా కనబడిందా? మెదడు అంత నేర్పుగా అతుకు వేస్తుంది. మంచి నేతగాడి అతుకు.

నీటికాసుల్లో చెడేది కెమెరా ముందరి అద్దం కాదు, ఆ పది పన్నెండు లక్షల పోగులున్న దృక్‌నాడి. తెగిన పోగును మళ్ళీ అతికే విద్య ఇప్పటిదాకా రాలేదు. సాధారణంగా పక్క చూపు ముందు పోతుంది, నడుమనున్న గోరంత చివరిదాకా మిగులుతుంది. అక్షరాల పట్టిక పరీక్షించేది ఆ గోరంతనే. అందుకే నాయన 6/9 చదివాడు. అందుకే చీర అంచులో పోగు పట్టుకున్నాడు. నాయన చూపులో నాణ్యత తగ్గలేదు, మేర తగ్గింది. నేను నాణ్యతనే చూసి మురిసిపోయాను.

“కొన్నేళ్ళ ముందు వచ్చి ఉంటే చాలా మిగిలేది” అని డాక్టరమ్మ మెల్లగా అన్నారు. మా ఒక్క ఇంటి కథ కాదిది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 1996 నుంచి 2000 దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటినీ ఎంచుకుని చేసిన పరిశీలనలో, మామూలు రకం నీటికాసులున్న పదిమందిలో తొమ్మిదిమందికి పైగా తమకు ఆ జబ్బున్న సంగతే తెలియదని తేలింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, నలుపు కూడా లేదు. ఇంకెలా తెలుస్తుంది?

నాయన ఆ తర్వాత నాలుగేళ్ళు బతికాడు. రోజూ రాత్రి పడుకోబోయే ముందు కంట్లో చుక్కల మందు నేనే వేసేవాణ్ణి. పోయింది రాలేదు గాని ఉన్నది నిలిచింది. 2018లో మా అమ్మాయి పెళ్ళిలో మధుపర్కాల నేత చూసి, “ఇది మరమగ్గం సరుకురా” అని పదిమందిలో చెప్పి నా పరువు తీశాడు. 2019లో పోయాడు. ఆయన పక్కన నడిచేటప్పుడు ఎడమవైపు ఉండటం నాకెంత అలవాటైందంటే, ఇప్పటికీ ఎవరైనా పెద్దవాళ్ళతో నడుస్తుంటే తెలియకుండానే ఎడమవైపుకు మారిపోతాను.

తండ్రికి ఉంటే బిడ్డలకు వచ్చే అవకాశం ఎక్కువట. అందుకని ఏడాదికోసారి నేనూ ఆ గిన్నె ముందు గడ్డం ఆనించి మీట నొక్కి వస్తున్నాను. ఇంతవరకు అన్ని చుక్కలూ కనబడుతున్నాయి. మా అబ్బాయికి నలభై రాకముందే మొదలుపెట్టమని చెప్పాను.

సంక్రాంతినాడు ఈ లెక్కంతా విన్నాక వాడు, “అయితే నాన్నా, తాత కన్ను ఎన్ని మెగాపిక్సెళ్ళు?” అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. 57 కోట్లని లెక్కకట్టిన కన్ను గురించిన నిజం ఆ రోజు 54 చుక్కల్లో తేలింది. అంతే చెప్పాను. బీరువాలోంచి ఆ కాగితం తీసి చూపించాను. వాడు ఫోను పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత ఇంటిల్లిపాదీ వరండాలో నిలబడి ఒక కన్ను మూసుకుని బొటనవేళ్ళు చాపి అంధచుక్క వెతుక్కుంటుంటే, వీధిలో పోయేవాళ్ళు మాకేదో అయిందనుకున్నారు.

పాఠక మిత్రులకు ఒక్క మనవి. మీ ఇంట్లో నలభై దాటినవాళ్ళుంటే, ముఖ్యంగా అమ్మానాన్నలుంటే, అక్షరాలు చదివించి ఊరుకోకండి. కంటి ఒత్తిడి, దృక్‌నాడి, పక్క చూపు కూడా పరీక్ష చేయించండి. వాళ్ళు మెట్లమీద తడబడితే కసరకండి. బల్బు మార్చమంటే బల్బు ఒక్కటే మార్చి ఊరుకోకండి.

ఇక చివరిగా ఒక్కమాట. ఈ పత్రిక ఇంటికి వస్తే నాయన మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివేవాడు. గోరంత చూపుతో అక్షరం అక్షరం జరుపుకుంటూ, ఒక్కో పేజీకి అరగంట. మా అబ్బాయికి రెండు కళ్ళూ 6/6. ఈ పేజీని ఫొటో తీసి సిరా చుక్క దాకా సాగదీసి చూడగలడు. కానీ వేలూరులో ఇంగ్లీషు మీడియంలో చదివినవాడు, తెలుగు చదవలేడు. తప్పు నాదే. అందుకని ఈ వ్యాసం అచ్చయి వచ్చిన రోజు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వేలితో చూపిస్తూ నేనే చదివించాలనుకుంటున్నాను. పేజీకి అరగంట పట్టినా సరే.